పాత దొడ్డిదారి ఏపీఐ నుంచి యూనిఫై అఫీషియల్ ఏపీఐకి మారడం: లాడ్జి వోచర్లు, స్కూల్ రిపోర్టులు, కెమెరా రీస్టార్టులు

గంటస్తంభం (విజయనగరం)

అందరికీ నమస్కారం. విజయనగరం టౌన్లో లాడ్జిలకి, ప్రైవేటు స్కూళ్లకి, ఒక నర్సింగ్ హోమ్‌కి వైఫై మెయింటెనెన్స్ చూస్తుంటాను. అన్నిచోట్లా యూనిఫై కన్సోల్సే (యుబిక్విటీ కంపెనీ వైఫై, స్విచ్‌లు అన్నిటినీ నడిపే పెట్టెలు). అవసరం వచ్చినప్పుడల్లా ఒక్కో స్క్రిప్టు రాసుకుంటూ వచ్చాను. లాడ్జి రిసెప్షన్లో బిల్లు కొట్టగానే వైఫై వోచర్ (గెస్ట్ టైప్ చేసే కోడ్ ఉన్న స్లిప్) ప్రింటవుతుంది. యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే డబ్బా) పడిపోతే నాకు టెలిగ్రామ్‌లో మెసేజ్ వస్తుంది. నర్సింగ్ హోమ్‌లో కెమెరా హ్యాంగయితే స్విచ్ పోర్టుకి పవర్ ఆపి మళ్లీ ఇస్తుంది. స్కూల్లో ఏ బ్లాకులో ఎన్ని ట్యాబ్‌లు కనెక్టయ్యాయో పొద్దున్నే ప్రిన్సిపాల్ గారికి రిపోర్టు వెళ్తుంది.

ఇవన్నీ పాత దారిలోనే నడుస్తున్నాయి. కంట్రోలర్ (నెట్‌వర్క్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) పేజీ తెరిచినప్పుడు బ్రౌజర్ వెనకాల ఏ అడ్రసులకి రిక్వెస్టులు పంపుతుందో చూసి, స్క్రిప్టు కూడా అవే పంపుతుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వాలి, కుకీ దాచుకోవాలి, సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (రిక్వెస్టు అసలైన పేజీ నుంచే వచ్చిందని చూపే గుర్తు) పట్టుకోవాలి.

యూనిఫై నెట్‌వర్క్ అప్లికేషన్ (అంటే ఆ కంట్రోలరే) 9 వెర్షన్ల నుంచి కంపెనీయే లోకల్ ఏపీఐ (మన ప్రోగ్రాములు కంట్రోలర్‌తో మాట్లాడే దారి) ఇస్తోంది. కీ తీసుకుని హెడర్లో పెడితే చాలు, లాగిన్ గొడవ లేదు. అక్టోబరులో పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి లాడ్జిల్లో ఒక్క గది ఖాళీ ఉండదు. ఆలోపే అన్నీ మార్చేయాలని ఉంది. ఇప్పటికే మారినవాళ్లు ఎవరైనా ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది కుదరదో చెప్పండి.

బొబ్బిలి వైర్‌లెస్

అన్నా, నడుస్తున్నదాన్ని కదపడం దేనికి? మా దగ్గర కల్యాణమండపంలో, మిల్లు ఆఫీసులో అవే పాత కాల్స్‌తో పని జరిగిపోతోంది. పీహెచ్‌పీలోనూ పైథాన్‌లోనూ ఆ పాత ఏపీఐకి మంచి లైబ్రరీలున్నాయి. ఎప్పుడైనా ఏదైనా మారితే ఆ లైబ్రరీ రాసేవాళ్లే సరిచేసి పెడుతున్నారు. కొత్త ఏపీఐ చూశాను. పాతదాంట్లో ఉన్నవి సగం కూడా కనబళ్లేదు. పండగ ముందు ఈ టెన్షన్ ఎందుకు పెట్టుకోవడం?

రాజాం మేస్టారు

బొబ్బిలి తమ్ముడి మాటలో కొంత న్యాయం ఉంది. అయినా నేను ఒప్పుకోను.

పాత దారిలో వెళ్లడమంటే పక్కింటివాళ్ల పెరట్లోంచి రోజూ అడ్డంగా నడవడం. ఇన్నాళ్లూ ఎవరూ ఆపలేదు నిజమే, కానీ రేపు వాళ్లు గోడ కట్టుకుంటే అడిగే హక్కు మనకి లేదు. ఇది ఒకసారి జరిగింది కూడా. సొంత కంప్యూటర్లో నడిచే పాత కంట్రోలర్ 8443 పోర్టులో ఉండేది. తర్వాత యూనిఫై ఓఎస్ కన్సోల్స్ వచ్చాయి. వాటిలో పోర్టు 443 అయింది, లాగిన్ అడ్రసు మారింది, ప్రతి కాల్ ముందూ ప్రాక్సీ, నెట్‌వర్క్ అనే భాగం చేరింది, సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ తప్పనిసరైంది. లైబ్రరీలన్నీ తిరగరాసుకోవాల్సి వచ్చింది. అందులో కంపెనీ తప్పు పట్టడానికేం లేదు. ఆ అడ్రసులు వాళ్ల సొంత వెబ్ పేజీ కోసం పెట్టుకున్నవి, మనకి ఏ మాటా ఇవ్వలేదు.

రెండోది పాస్‌వర్డ్. 2024లో క్లౌడ్ అకౌంట్లన్నిటికీ రెండో అంచె ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. క్లౌడ్ అకౌంట్‌తో లాగిన్ అయ్యే స్క్రిప్టులు అక్కడే ఆగిపోయాయి. లోకల్ అకౌంట్ వాడినవాళ్లకి ఇబ్బంది రాలేదు. కానీ ఆ లోకల్ అకౌంట్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఎక్కడుంది? రిసెప్షన్ కంప్యూటర్లో మామూలు ఫైల్లో ఉంటుంది. అది చాలామంది కూర్చునే కంప్యూటరు. నన్నడిగితే మారడానికి ఈ ఒక్క కారణం చాలు.

గంటస్తంభం గారూ, కోడ్ ముట్టుకోకముందు ఒక పని చేయండి. మీ స్క్రిప్టులన్నిట్లో వెతికి, కంట్రోలర్‌కి వెళ్లే ప్రతి కాల్‌నీ ఒక కాగితం మీద రాయండి. ఏ స్క్రిప్టు, ఏ అడ్రసు, జవాబులోంచి ఏ ఫీల్డు వాడుతోంది, అది చదవడమా మార్చడమా. వాడే ఫీల్డులు మీరు అనుకున్నదానికన్నా చాలా తక్కువ ఉంటాయి. పాత ఏపీఐ ఒక్కో క్లయింటుకి (కనెక్టయిన ఫోన్, ట్యాబ్ లాంటిదానికి) బోలెడు సమాచారం ఇస్తుంది, మనం తీసుకునేది పేరు, మ్యాక్ (ఆ పరికరం నెట్‌వర్క్ అడ్రసు), ఏ యాక్సెస్ పాయింట్ మీద ఉందో, అంతే. కొత్తదాంట్లో సగం లేవు అన్న మాటకి జవాబు ఆ కాగితమే చెబుతుంది.

అరసవల్లి లాడ్జి (శ్రీకాకుళం)

మేస్టారు చెప్పిన జాబితా మేమూ రాశాం, చాలా ఉపయోగపడింది. మాది శ్రీకాకుళంలో లాడ్జి, రథసప్తమికి మీ సిరిమానోత్సవం లాంటి రద్దీయే ఉంటుంది. వోచర్ల భాగం కొత్త ఏపీఐకి మార్చేశాం. నా అభిప్రాయంలో అన్నిటికన్నా బాగా కుదిరింది ఇదే.

పాత పద్ధతిలో వోచర్ తయారుచేయమంటే కోడ్ ఇచ్చేది కాదు. అది తయారైన సమయం మాత్రం ఇచ్చేది. ఆ సమయం పట్టుకుని మళ్లీ వోచర్ల జాబితా అడిగి, అందులోంచి మన కోడ్ ఏరుకోవాలి. రెండు కౌంటర్లు ఒకేసారి అడిగితే ఏ కోడ్ ఎవరిదో వోచర్‌కి రాసిన నోట్ చూసి పోల్చుకోవాల్సి వచ్చేది. కొత్తదాంట్లో ఒక్క కాల్‌కే కోడ్‌లు జవాబులో వచ్చేస్తాయి. ఎన్ని వోచర్లు, పేరు, ఎన్ని నిమిషాలు, ఎంతమంది వాడొచ్చు, ఎన్ని ఎంబీ, ఎంత స్పీడు అన్నీ అందులోనే చెప్పొచ్చు. మేము పేరు దగ్గర గది నంబరు, బిల్లు నంబరు పెడతాం. గది ఖాళీ చేయగానే ఆ పేరుతో వెతికి వోచర్ తీసేస్తాం.

కాలం లెక్క నిమిషాల్లోనే, ఒక రోజంటే 1440. కోడ్‌ని మాత్రం నంబరుగా మార్చకండి, టెక్స్టుగానే ఉంచండి. పది అంకెలు అయిదు అయిదుగా విడగొట్టి ప్రింట్ చేస్తే కస్టమర్లకి టైప్ చేయడం తేలిక.

గంటస్తంభం

చాలా థ్యాంక్స్ అండీ. కాగితం రాశాను. మేస్టారు అన్నట్టే వాడే ఫీల్డులు కొన్నే. అయితే సైటు (కంట్రోలర్లో ఒక్కో చోటికి ఉండే విభాగం) దగ్గర ఆగిపోయాను. పాత స్క్రిప్టుల్లో సైటు పేరు డిఫాల్ట్ అని ఉండేది. అదే ఇస్తే కొత్త ఏపీఐ ఒప్పుకోవడం లేదు.

నాగావళి (శ్రీకాకుళం)

అక్కడ అందరూ ఆగుతారు. కొత్త ఏపీఐలో సైట్లకి, డివైజులకి, క్లయింట్లకి అన్నిటికీ యూయూఐడీలు (పొడవైన ప్రత్యేక గుర్తింపు కోడ్‌లు). పాత ఐడీలు 24 అక్షరాలవి, వాటితో వీటికి సంబంధం లేదు. ముందు సైట్ల జాబితా కాల్ చేసి మీ సైటు యూయూఐడీ తీసుకోండి, దాంతోనే మిగతా కాల్స్. పాత ఐడీలు ఎక్కడైనా డేటాబేసులో దాచి ఉంటే మ్యాక్ అడ్రస్ పట్టుకుని జతచేయండి, అది రెండు వైపులా ఉంటుంది. యాక్సెస్ పాయింట్లకీ స్విచ్‌లకీ ఈ పద్ధతి పక్కా. ఫోన్లకి మాత్రం నమ్మకండి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో మారు మ్యాక్ చూపిస్తున్నాయి.

ఇంకా ముఖ్యమైంది పేజీలు. స్కూల్ రిపోర్టులో మూడొందల ట్యాబ్‌లు ఉన్నాయనుకోండి, లిమిట్ చెప్పకుండా అడిగితే మొదటి 25 మాత్రమే వస్తాయి. ఎర్రర్ ఏమీ రాదు కాబట్టి రిపోర్టు మామూలుగానే కనిపిస్తుంది, అంకె మాత్రం తప్పు. ఒకసారికి 200 వరకూ అడగొచ్చు. జవాబులో మొత్తం ఎన్నున్నాయో వస్తుంది. ఆఫ్‌సెట్ (ఎన్నోదాని నుంచి ఇవ్వాలో చెప్పే అంకె) పెంచుకుంటూ ఆ మొత్తం చేరేదాకా తిరగండి. పాత ఏపీఐ అన్నీ ఒకేసారి ఇచ్చేసేది కాబట్టి పాత కోడ్‌లో ఈ లూప్ ఉండనే ఉండదు.

యాక్సెస్ పాయింట్ అలర్ట్‌లో కూడా ఒకటి చూడండి. పాతదాంట్లో స్టేటస్ అంకె, ఒకటి ఉంటే బతికి ఉన్నట్టు. కొత్తదాంట్లో అది మాట. ఆన్‌లైన్, ఆఫ్‌లైన్‌తో పాటు అప్‌డేటింగ్, గెటింగ్ రెడీ లాంటివీ ఉంటాయి. ఆన్‌లైన్ కాకపోతే అలర్ట్ అని రాస్తే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ జరిగిన రాత్రి మీ ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఆఫ్‌లైన్ అయ్యి కొన్ని నిమిషాలు అలాగే ఉంటేనే పంపండి. జవాబు లోపల ఓకే అని వెతికే పాత అలవాటు కూడా తీసేయాలి. కొత్తదాంట్లో హెచ్‌టీటీపీ స్టేటస్ కోడే ప్రమాణం.

బొబ్బిలి వైర్‌లెస్

వోచర్లు, స్టేటస్ సరే. ఈవెంట్ల సంగతేంటి? ఎవరు ఎప్పుడు కనెక్టయ్యారు, ఎప్పుడు వెళ్లారు అన్న లాగ్ మా మిల్లు ఆఫీసులో ప్రతి నెలా అడుగుతారు. పాతదాంట్లో వెబ్‌సాకెట్ (ఎప్పుడూ తెరిచి ఉంచే కనెక్షన్) తెరిచి కూర్చుంటే వచ్చేస్తుంది. కొత్తదాంట్లో ఎక్కడుంది?

నాగావళి

మా వెర్షన్లో లేదు తమ్ముడూ. క్లయింట్ల జాబితా అంటే ఈ క్షణాన కనెక్టయి ఉన్నవాళ్లే. నిన్న ఎవరున్నారంటే చెప్పదు. క్లయింటు ఏ డివైజు మీద ఉందో ఐడీ ఇస్తుంది, దాంతో బ్లాకుల వారీ లెక్క కుదురుతుంది. ఏ వైఫై పేరు మీద ఉందో మాత్రం మాకు ఆ జాబితాలో రావడం లేదు. సిస్టమ్ లాగ్‌లని సిస్‌లాగ్ సర్వర్‌కి (లాగ్‌లు పోగుచేసే కంప్యూటర్‌కి) పంపే సెట్టింగ్ కంట్రోలర్లోనే ఉంది, నెలవారీ లాగ్‌కి అదే వాడండి. అది డాక్యుమెంట్ చేసిన ఫీచరే, వెబ్‌సాకెట్ కన్నా నమ్మకం.

రాజాం మేస్టారు

నేనూ అదే రాయబోయాను. ఒక మాట కలుపుతాను. ప్రతిదానికీ ఏపీఐ అక్కర్లేదు. పోర్టుల్లో ట్రాఫిక్ ఎంత, సీపీయూ ఎంత అన్న గ్రాఫులకి ఎస్ఎన్ఎంపీ ఉంది. నెట్‌వర్క్ పరికరాల లెక్కలు అడిగి తెలుసుకోవడానికి ముప్పై ఏళ్లకు పైగా ఉన్న ప్రోటోకాల్ అది. వెర్షన్ 3 వాడితే యూజర్, ఎన్‌క్రిప్షన్ అన్నీ ఉంటాయి. మానిటరింగ్ సాఫ్ట్‌వేర్లన్నిటికీ అది తెలుసు. గ్రాఫుల కోసం నిమిషానికోసారి ఏపీఐని కొట్టే స్క్రిప్టు మీ కాగితంలో ఉంటే దాన్ని కొత్త ఏపీఐకి మార్చకండి, ఎస్ఎన్ఎంపీకి మార్చండి.

ఏ దారిలోనూ కుదరనివి ఒకటో రెండో మిగులుతాయి. వాటిని పాత ఏపీఐ మీదే ఉంచండి, కాకపోతే అన్ని స్క్రిప్టుల్లోనూ చెల్లాచెదురుగా వదలొద్దు. ఒకే ఫైల్లో పెట్టి, పైన ఎందుకు మిగిలిందో, ఏ వెర్షన్లో పరీక్షించారో రాయండి. మిగతా స్క్రిప్టులు ఆ ఫైల్లోని ఫంక్షన్ పిలవాలి తప్ప కంట్రోలర్ అడ్రసు వాటికి తెలియకూడదు. తర్వాతి వెర్షన్లో ఆ సౌకర్యం వస్తే ఒక్క చోటే మార్చుకుంటారు.

పలాస జీడి

కొత్తవాళ్లు చదువుతారు కాబట్టి ఒక సంగతి రాస్తున్నాను. యూనిఫైలో అఫీషియల్ ఏపీఐ ఒకటి కాదు. కన్సోల్ లోపల నడిచే లోకల్ నెట్‌వర్క్ ఏపీఐ వేరు, ఇంటర్నెట్ మీద ఉండే సైట్ మేనేజర్ ఏపీఐ వేరు. రెండిటికీ కీలు వేరువేరుగా తీసుకోవాలి. చాలా చోట్ల ఉన్న కన్సోల్స్ అన్నిటినీ ఒకే చోట చూడ్డానికి రెండోది బాగుంటుంది, నేనూ వాడతాను. కానీ బిల్డింగ్ లోపల జరగాల్సిన పని దాని మీద పెట్టకండి.

మా పలాస ప్రాంతంలో ఇది బాగా తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా దగ్గరే తీరం దాటింది. జీడితోటలు, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. స్తంభాలు కూలిపోయి కరెంటు, ఫోన్లు, ఇంటర్నెట్ అన్నీ పోయాయి. జనరేటర్ ఉన్న ఫ్యాక్టరీల్లో కూడా లోపలి నెట్‌వర్క్ నడుస్తుంది తప్ప బయటికి దారి ఉండదు. అలాంటి రోజున గోడౌన్ కెమెరా రీస్టార్ట్ చేయాలంటే ఆ ఆదేశం ఇంటర్నెట్ చుట్టూ తిరిగి రావాల్సిన పని లేకుండా ఉండాలి. అక్టోబరు, నవంబరుల్లో మన తీరానికి వాయుగుండం వార్త రాని ఏడాది తక్కువ. అందుకే నాది ఒకటే నియమం. లాడ్జి వోచరు, కెమెరా పవరు, లోపలి అలర్టు అన్నీ లోకల్ ఏపీఐ మీద. నేను ఇంట్లో కూర్చుని చూసుకునే రిపోర్టు మాత్రం క్లౌడ్ మీద.

గంటస్తంభం

ఈ తేడా నాకు ఇంత స్పష్టంగా తెలియదు. నర్సింగ్ హోమ్ కెమెరాలది లోకల్‌లోనే పెడతాను. పోర్టు పవర్ సైకిల్ (పవర్ ఆపి మళ్లీ ఇవ్వడం) కొత్త ఏపీఐలో ఉందా?

పలాస జీడి

ఉంది. డివైజు ఐడీ, పోర్టు నంబరు ఇచ్చి పవర్ సైకిల్ అనే యాక్షన్ పంపాలి. మొత్తం డివైజుని రీస్టార్ట్ చేసేదీ ఉంది. ఒక జాగ్రత్త. జవాబు ఆలస్యమైతే మళ్లీ పంపే లూప్ చదివే కాల్స్‌కి మంచిదే, పవర్ సైకిల్‌కి వద్దు. మొదటి ఆదేశం చేరిపోయి జవాబు మాత్రమే రాకపోయి ఉండొచ్చు. రెండోది పంపితే అప్పుడే లేస్తున్న కెమెరా మళ్లీ ఆరిపోతుంది. ఒకసారి పంపి, ఆగి, కెమెరా పింగ్‌కి పలుకుతోందో చూసి అప్పుడు నిర్ణయించండి. ఏ పోర్టులు ముట్టుకోవచ్చో స్క్రిప్టులోనే జాబితా రాసి పెట్టండి. నర్సింగ్ హోమ్ అంటున్నారు, అదే స్విచ్ మీద ఐసీయూ వైపు యాక్సెస్ పాయింట్ ఉంటే పొరపాటున కూడా దానికి పవర్ పోకూడదు.

టెక్కలి అడ్మిన్

ఇక్కడ అంతా యూనిఫై గురించే నడుస్తోంది. మైక్రోటిక్ కంపెనీ రూటర్లు వాడేవాళ్లకి కూడా ఇదే మార్పు అవసరం. మా కేబుల్ ఇంటర్నెట్ కస్టమర్ల రూటర్లకి ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతిలో) వెళ్లి, తెరమీద వచ్చిన వరుసల్ని విడగొట్టి చదివే స్క్రిప్టులు చాలామంది వాడుతున్నారు. ఆ రూటర్ల సాఫ్ట్‌వేర్ రూటర్ ఓఎస్ 7లో రెస్ట్ ఏపీఐ (మామూలు వెబ్ రిక్వెస్టులతో నడిచేది) ఉంది. సర్టిఫికెట్ పెట్టి హెచ్‌టీటీపీఎస్ సర్వీసు ఆన్ చేస్తే చాలు. పాత బైనరీ ఏపీఐ, 8728 పోర్టుది, అదీ అఫీషియలే. దానితో నడుస్తుంటే మార్చాల్సిన పని లేదు, ఎన్‌క్రిప్షన్ ఉన్న 8729కి మారితే సరిపోతుంది.

రెస్ట్‌కి వచ్చేవాళ్లు రెండు చూసుకోండి. అంకెలు, అవును కాదులు అన్నీ టెక్స్టుగానే వస్తాయి, కోడ్‌లో మార్చుకోవాలి. కొత్త ఎంట్రీ చేర్చడానికి పుట్, ఉన్నదాన్ని మార్చడానికి ప్యాచ్. మిగతాచోట్ల అలవాటైనట్టు అదే అడ్రసుకి పోస్ట్ పంపి చేర్చబోతే కుదరదు.

రాజాం మేస్టారు

మంచి మాట. మెరాకీ (సిస్కో వాళ్ల క్లౌడ్‌తో నడిచే నెట్‌వర్క్ పరికరాలు) వాడేవాళ్లకి కూడా చెబుతున్నాను. అక్కడ ఒక ఆర్గనైజేషన్‌కి సెకనుకి 10 రిక్వెస్టులే. దాటితే 429 అనే ఎర్రర్ కోడ్ వస్తుంది, ఎంతసేపు ఆగాలో హెడర్లో చెబుతుంది. ఆ ఆగే కోడ్ మొదటి రోజే రాసుకోండి. ఏ కంపెనీ ఏపీఐ అయినా ఇది పనికొస్తుంది.

బొబ్బిలి వైర్‌లెస్

మేస్టారూ, పాస్‌వర్డ్ గురించి మీరు చెప్పింది ఆలోచించాను. కీ కూడా ఫైల్లోనే కదా ఉండేది? అది దొరికితే అదీ అంతే కదా?

రాజాం మేస్టారు

మంచి ప్రశ్న. కీ దొరికినా ప్రమాదమే, కానీ తేడా ఉంది. ఒక్కో స్క్రిప్టుకి ఒక్కో కీ తీసుకోవచ్చు. లాడ్జి కుర్రాడు మానేసినా, కంప్యూటర్ పోయినా ఆ ఒక్క కీ రద్దు చేస్తాం, మిగతావేవీ ఆగవు. ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ అన్నిచోట్లా ఉంటే అది మార్చిన రోజు అన్నీ ఆగుతాయి, అందుకే ఎవరూ మార్చరు. అసలు మంచి పద్ధతి ఏమిటంటే, కీని రిసెప్షన్ కంప్యూటర్లో పెట్టనే పెట్టొద్దు. సర్వర్ గదిలో చిన్న కంప్యూటర్ ఒకటి పెట్టి, అందులో మన ప్రోగ్రాం నడపండి. రిసెప్షన్ దాన్ని వోచర్ కావాలి అని మాత్రమే అడుగుతుంది. కంట్రోలర్ దాకా వెళ్లే దారి ఫైర్‌వాల్‌లో ఆ చిన్న కంప్యూటర్‌కే ఇవ్వండి. కీ తయారైనప్పుడు ఒక్కసారే కనిపిస్తుంది కాబట్టి వెంటనే దాచుకోండి, వాట్సాప్‌లో మాత్రం పంపుకోవద్దు.

సర్టిఫికెట్ తనిఖీ ఆపేసి నడిపే అలవాటు కూడా ఈ సందర్భంలోనే వదిలేయండి. కన్సోల్ సొంతగా సంతకం చేసుకున్న సర్టిఫికెట్‌ని ఒకసారి దించుకుని, దాన్నే నమ్మమని స్క్రిప్టుకి చెప్పొచ్చు.

గంటస్తంభం

అందరికీ అప్‌డేట్. చాలావరకు పూర్తయింది.

వెంటనే మార్చకుండా పాత స్క్రిప్టు, కొత్త స్క్రిప్టు రెండూ పక్కపక్కన నడిపాను. కొత్తది మెసేజ్ పంపదు, ఫైల్లో రాస్తుంది అంతే. రెండిటి జవాబులూ రోజూ పోల్చాను. స్కూల్ రిపోర్టులో రెండు అంకెలూ దగ్గరగానే వచ్చాయి. వచ్చిన కాస్త తేడా రెండు కాల్స్ మధ్య కనెక్టయి వెళ్లిపోయిన ట్యాబ్‌లది. నాగావళి గారు పేజీల సంగతి చెప్పబట్టి సరిపోయింది. అలర్టులు కూడా ఆఫ్‌లైన్ అయి కొంతసేపు ఉంటేనే వెళ్తున్నాయి, రాత్రిళ్లు ప్రశాంతంగా ఉంది.

వోచర్లు ముందు ఒక లాడ్జిలో, తర్వాత మిగతావాటిలో మార్చాను. కెమెరా పవర్ సైకిల్‌కి పోర్టుల జాబితా రాసి పెట్టాను. నర్సింగ్ హోమ్ డాక్టరు గారు ఆ జాబితా చూపించమని అడిగి, ఒక పోర్టు తీయించారు. ఆవిడ అడగడం చాలా మంచిదైంది, అది ల్యాబ్ వైపుది.

పాత ఏపీఐ మీద మిగిలింది ఒక్కటే, ఏ ట్యాబ్ ఏ వైఫై పేరు మీద ఉందో చూపే రిపోర్టు. దాన్ని మేస్టారు చెప్పినట్టు విడి ఫైల్లో పెట్టాను. ప్రతి అప్‌డేట్ తర్వాత కంట్రోలర్లో ఇంటిగ్రేషన్స్ పేజీ తెరిచి, మన వెర్షన్‌కి అక్కడ చూపించే డాక్యుమెంటేషన్ చదవాలని క్యాలెండర్లో రిమైండర్ పెట్టుకున్నాను. అడ్మిన్ పాస్‌వర్డ్ అన్నిచోట్లా మార్చేశాను.

బొబ్బిలి వైర్‌లెస్

కల్యాణమండపం నేనూ మారుస్తాను అన్నా. పెళ్లిళ్ల సీజన్ మొదలవకముందే అయిపోవాలి. మండపానికి సొంత లాగిన్ పేజీ ఉంది. ఫోన్ నంబరు తీసుకుని గెస్ట్‌ని లోపలికి పంపుతుంది. అది కొత్తదాంట్లో అవుతుందా?

నాగావళి

అవుతుంది. గెస్ట్‌కి అనుమతి ఇచ్చే యాక్షన్ ఉంది, ఎన్ని నిమిషాలో కూడా చెప్పొచ్చు. కాకపోతే పాతదాంట్లో మ్యాక్ ఇస్తే సరిపోయేది, ఇక్కడ క్లయింటు ఐడీ కావాలి. మీ లాగిన్ పేజీకి కంట్రోలర్ మ్యాక్ పంపుతుంది కదా, ఆ మ్యాక్‌తో క్లయింట్ల జాబితాని ఫిల్టర్ చేసి ఐడీ తీసుకోండి, దాంతో అనుమతి ఇవ్వండి. ఫోన్ అప్పుడే కనెక్టయింది కాబట్టి జాబితాలో కనిపించడానికి ఒక్క క్షణం పట్టొచ్చు. దొరక్కపోతే కాసేపాగి మళ్లీ వెతికేలా రాయండి. ఇది చదివే కాల్, మళ్లీ మళ్లీ అడిగినా నష్టం లేదు.

అరసవల్లి లాడ్జి

బొబ్బిలి బాబూ, మండపంలో వోచర్లు కూడా కావాలంటే మా స్లిప్ ప్రింట్ చేసే భాగం పంపుతాను, వాడుకోండి. మాది 58 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటర్. మీది 80 అయితే వరుసకి అక్షరాల సంఖ్య ఒక్కచోట మార్చుకుంటే చాలు.